జీపు నుదుటి మీద పేరు

మా చెల్లెలు లీల కొత్త బండి కొని నా గేటు ముందు పెట్టింది. బాపట్లలో తను ఉండే సందులోకి ఆటో వెళ్లాలంటేనే ఎవరో ఒకరు గుమ్మం ముందు చెప్పులు తీయాలి. అంత బండి అక్కడ ఎలా పడుతుంది? "అక్కా, మీ రోడ్డు వెడల్పు గదా, మీ గేటు పక్కన పెట్టుకోనా?" అని అడిగింది. కాదనడానికి నేను కారణం వెతుక్కుంటూ ఉండగానే తెచ్చి పెట్టేసింది. అప్పటి నుంచి పొద్దున్నే తలుపు తీస్తే నాకు ఎదురింటి సన్నజాజి పందిరి కనిపించదు, తెల్లటి బండి వీపు కనిపిస్తుంది. వరండాలో పేపరు చదువుకునే వెలుతురు కూడా తగ్గింది. వచ్చేపోయేవాళ్లు ఆగి, "కొత్త బండి కొన్నారా అండి, బాగుందండి" అంటారు. "మాది కాదండి, మా చెల్లెలిది" అని చెప్పాలి. చెప్పిన ప్రతిసారీ లోపల ఎక్కడో కలుక్కుమంటుంది. అదేమిటో నాకు తెలియనిది కాదు. అసూయ. అరవై దాటాక మోకాళ్లు అరిగాయి, చూపు తగ్గింది, అది మాత్రం నిక్షేపంగా ఉంది.

లీల నర్సుగా పనిచేసి రిటైరైంది. ఈ వయసులో డ్రైవింగ్ నేర్చుకుంది. నేను పిల్లలకు పాఠాలు చెప్పి, తీరిక దొరికినప్పుడు నాలుగు కథలు రాసి రిటైరయ్యాను. స్కూటర్ వెనక కూర్చోవాలన్నా నాకు భయం. తెనాలి షోరూముకు వెళ్లిన రోజు నన్నూ వెంటబెట్టుకుని వెళ్లింది. అక్కడి సేల్స్ కుర్రాడు మెడలో టై సర్దుకుంటూ, "ఇది కారు కాదండి మేడమ్, ఎస్‌యూవీ అండి" అన్నాడు. అంటే ఏంటి బాబూ అని అడిగాను. "స్పోర్ట్స్ యుటిలిటీ వెహికల్ అండి" అన్నాడు. ఆటలకా, పనికా అని అడిగితే కాసేపు ఆలోచించి, "ఫ్యామిలీకండి" అన్నాడు. లీల నా వైపు చూసి నవ్వింది. ఇద్దరికీ ఒకేసారి నాన్న గుర్తొచ్చాడు. నాన్న తన జీపు కాగితాలు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు అక్కడి గుమాస్తా దాన్ని యుటిలిటీ అని రాశాడట. "అంటే ఏంటండి?" అని నాన్న అడిగితే, "పనికొచ్చే బండి అని" అన్నాడట. "పనికిరాని బండి కూడా ఉంటదా అండి?" అన్నాడట నాన్న. ఈ సంగతి అన్నం ముందు కూర్చుని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పిన ప్రతిసారీ ముందు తనే నవ్వేవాడు. మజ్జిగ ముద్ద నోట్లో ఉన్నప్పుడు నవ్వొద్దని అమ్మ కసిరేది.

మాది రేపల్లె అవతల కాలవ గట్టు మీద ఊరు. నాన్న చాలాకాలం ఒక రైసు మిల్లు లారీ తోలాడు. ఆ తర్వాత ఏదో ఆఫీసు వాళ్లు పక్కన పడేసిన పాత జీపు తెచ్చుకున్నాడు. దానికి వెనక రెండు పొడుగాటి బల్లలు వేయించి, పైన కాన్వాసు గుడ్డ కట్టించాడు. ఆ బండిని ఏమని పిలవాలో మా ఊరికి చాలారోజులు తెలియలేదు. ముందు ముక్కు ఉండి, వెనక తలుపు లేని ప్రతిదీ మాకు జీపే. కాన్వాసు తీసి రేకు వేయించాక కొందరు వ్యాను అన్నారు. తెనాలిలో చదువుకునే ఒకాయన సెలవులకొచ్చి టాక్సీ అన్నాడు. ఏదీ నిలవలేదు. అందులో ఏం ఎక్కితే అదే దాని పేరు. తెల్లవారితే పాలబండి, బడి వేళకు మేస్టర్ల బండి, మధ్యాహ్నం వడ్లబండి. ఎవరికైనా నొప్పులొస్తే ఆసుపత్రి బండి. ఆదివారం నాడు గుడి బండి. మా ఇళ్లలో చర్చిని గుడి అనే అంటాం. ఒక్క బండి ఇన్ని వేషాలు వేసేది. ఇప్పుడు నా గేటు ముందున్న దానికి పొడుగాటి ఇంగ్లీషు పేరుంది. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లయితే ఇంకా తీయలేదు.

బండి అన్నాక నుదుటి మీద ఒక పేరుండాలని అందరూ అన్నారు. మా వైపు ఇంట్లో పిల్లల పేరు రాయించడం అలవాటు. ఇంటికి పెద్దపిల్లను నేనే కాబట్టి, నా పేరే రాయిస్తారని నాకు అనుమానమే లేదు. రేపల్లె నుంచి పెయింటరు వచ్చాడు. అద్దం పైన ఉన్న రేకును జానతో కొలిచాడు. నా పేరు జ్ఞానసుందరి. మా నాయనమ్మ తన తల్లి పేరు తెచ్చి నాకు పెట్టింది. "అంత పేరు ఇక్కడ పట్టదు బాబాయ్. చిన్నమ్మాయి పేరు రాద్దాం, రెండక్షరాలు, బొద్దుగా వస్తాయి" అన్నాడు పెయింటరు. నాన్న బీడీ పారేసి, "ఎవరిదైతే ఏంటిలే, ఇద్దరూ నా పిల్లలే గదా" అన్నాడు. ఆ మాట నాన్న ఎంత మంచి మనసుతో అన్నాడో నాకు ఇప్పుడు తెలుసు. అయినా ఇప్పటికీ ఆ మాటకు ఆయన్ని క్షమించలేదు. పసుపు రంగు అక్షరాలు, వాటి చుట్టూ ఎర్రటి అంచు, అటొక తామరపువ్వు, ఇటొకటి. పాస్టరుగారు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. పేరు గల పిల్ల పక్కన నిలబడాలన్నారు. లీల కొత్త గౌను వేసుకుని మెట్టు మీదకెక్కి నిలబడింది. నేను నాయనమ్మ కొంగు పట్టుకుని జనంలో ఉన్నాను. నా ముఖం చూసి నాయనమ్మ, "నీ పేరు పరలోకంలో రాసి ఉంటది లేవే" అంది. పరలోకంలో మా ఊరివాళ్లు చదవరు గదా అని ఏడ్చాను.

ఆ రోజు నుంచి ముందు సీటు లీలది. పేరు దానిది కాబట్టి సీటూ దానిదే అని ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిపోయింది. శనివారం సాయంత్రం నాన్న జీపును కాలవలోకి దింపి కడిగేవాడు. నేను వెనక బల్లల మీది మట్టి, పేడ, ధాన్యపు దుమ్ము కడగాలి. లీల మాత్రం నాన్న భుజాల మీద కూర్చుని పాత చీర ముక్కతో తన పేరు తుడుచుకునేది. లోపల అద్దానికి వేలాడదీసే సన్నజాజుల దండ కూడా తనే కట్టేది. వెనక కూర్చున్న నాకు ఆ పూల వాసన వచ్చేది కాదు. నా వంతు డీజిలు, తడిసిన గోనెసంచులు, పాలక్యాన్ల మూతల కింద పులిసిన వాసన, ఎవరో కాళ్లు కట్టి ఒళ్లో పెట్టుకున్న కోడి. మంత్రసానమ్మ సంచి నా మోకాళ్లకు తగులుతూ ఉండేది. వంతెన దగ్గర నాన్న హారను కొడితే ఇంట్లో అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. నాయనమ్మకు హారను కూడా అక్కర్లేదు. అరుగు మీద ముక్కుపొడుం పీలుస్తూనే, "లీల వంతెనెక్కింది" అనేది. ఊరంతా అలాగే అనేది. లీల ఎక్కి పోయొచ్చాం, లీల ఇవాళ ఆలస్యమయింది, లీల మీద రెండు బస్తాలు వేశాం. రేపల్లె నుంచి తెనాలి దాకా దారి పొడుగునా మా చెల్లెలి పేరే. నా పేరు బళ్లో హాజరు పిలిచేటప్పుడు మాత్రమే వినపడేది.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండిన సంగతి ఇంకొకటుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక నాన్న నులకమంచం మీద పడుకునేవాడు. తెల్లవారుజామున లేచి తోలే మనిషిని నిద్ర లేపడం మహాపాపమని మా ఊళ్లో అందరూ అనుకునేవాళ్లు. అందుకని బండి కావలసినవాళ్లు లీలను అడిగేవాళ్లు. పేరు దానిది గదా, అది చెబితే నాన్న కాదనడని ఊరి నమ్మకం. నెరిసిన తలల వాళ్లు, పంచె ఎగ్గట్టిన రైతులు వచ్చి, ఎనిమిదేళ్ల పిల్ల ముందు నిలబడి, "లీలమ్మా, బండి వచ్చిద్దా?" అనేవాళ్లు. అది నాన్న నేర్పినట్టు చేతులు కట్టుకుని, "వచ్చిద్దండి, రోడ్డు మీదకెళ్లి నిలబడండి" అనేది. బండి ఎక్కడున్నా అదే మాట. నాన్న దానికి నేర్పింది అదొక్కటే. లేదనే మాట మన ఇంటి గుమ్మంలో వినపడకూడదు అనేవాడు. అక్కడే స్తంభానికి ఆనుకుని లెక్కలు చేసుకుంటున్న నా వైపు తిరిగి ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. అడిగితే ఒకటే, "పెద్దపాపా, కాసిని మంచినీళ్లివ్వమ్మా."

ఒక వానాకాలం మా వీధి చివరి మరియమ్మకు నొప్పులొచ్చాయి. మరియమ్మ అత్త తడుస్తూ వచ్చి లీలతో మాట్లాడి వెళ్లింది. ఆ సాయంత్రం నాన్న చాలా ఆలస్యంగా వచ్చాడు. తెనాలి నుంచి వస్తుంటే నందివెలుగు దగ్గర జీపు చెడిపోయిందట. మరియమ్మ కాలవ గట్టు మీదే కనిందని, బిడ్డ దక్కలేదని పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. అలాంటి మాటలు అప్పుడప్పుడూ వినపడేవే కాబట్టి నేను అంతగా పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నది మర్నాడు లీలకు వచ్చిన జ్వరాన్ని. ఆ జ్వరానికి జరిగిన మర్యాదలు అన్నీ ఇన్నీ కావు. రేపల్లె నుంచి రొట్టె వచ్చింది. పాలల్లో ముంచి అమ్మ దాని నోట్లో పెట్టేది. నాన్న తెనాలి నుంచి బత్తాయిలు తెచ్చాడు. నాయనమ్మ మంచం పక్కన కూర్చుని కీర్తనలు పాడేది. ఆ గదిలో రొట్టె వాసన, బత్తాయి తొక్కల వాసన కలిసి నన్ను పిచ్చెక్కించాయి. నాకూ జ్వరం రావాలని పెరట్లో వానలో నిలబడ్డాను. తుమ్ము కూడా రాలేదు.

జ్వరం తగ్గాక లీల ముందు సీటు ఎక్కనంది. ఎంత బతిమాలినా ఎక్కలేదు. వెనక బల్ల మీద, గోనెసంచుల పక్కన నా చోట్లో కూర్చుంది. ముందు సీటు నాకొచ్చింది. ఎంతకాలం కలలుగన్న సీటు అది. ఎక్కి కూర్చున్నాక ఏమీ బాగా లేదు. దానికి మొహం మొత్తి వదిలేసిన సీటు అనుకున్నాను. లీల తొడిగి వదిలేసిన గౌన్లు నాకు పట్టవు కాబట్టి సరిపోయింది కానీ, సీటు మాత్రం అలా దాని చేతి మీదుగానే రావలసి వచ్చిందని కుళ్లుకున్నాను. తర్వాత కొన్నాళ్లకు నాన్న జీపు అమ్మేశాడు. కొన్నవాళ్లు నుదుటి మీద రంగు కొట్టి వాళ్ల అబ్బాయి పేరు రాయించుకున్నారు. ఆ తర్వాత మా ఊరికి బస్సు వచ్చింది, ఆటోలు వచ్చాయి. ఇప్పుడు పాలకు ఒక బండి, వడ్లకు ఒకటి, బడిపిల్లలకు పసుపు రంగుది ఇంకొకటి, రోగులకు సైరనుది వేరే. ఏ పనికి ఆ బండి, ఏ బండికి ఆ పేరు. ఒకరి బండి కోసం ఊరంతా రోడ్డు మీద నిలబడే రోజులు పోయాయి. మంచిదే. కానీ ఎవరి గేటు ముందు ఉన్న బండైనా వాళ్లొక్కరిదే అయిపోయింది.

కొత్త బండికి స్టిక్కర్లు వేయించాలని లీల మళ్లీ తెనాలి తీసుకెళ్లింది. ఇప్పుడు నుదుటి మీద ఎవరూ రాయించడం లేదు. వెనక గాజు మీద అంటిస్తున్నారు. స్టిక్కర్ల షాపాయన రకరకాల నమూనాలు చూపించాడు. అమ్మ దీవెన, నాన్న కానుక, ఇద్దరు పిల్లల పేర్లు కలిపి ఒకటి. లీల మళ్లీ తన పేరే రాయించుకుంటుందని నేను ముందే సిద్ధపడి, ఏమీ పట్టనట్టు ముఖం పెట్టుకుని కూర్చున్నాను.

"ఏం వద్దు బాబూ. ఉత్తదే ఉంచెయ్యండి" అంది లీల.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "వద్దనడం కూడా నీకే చెల్లిందిలే. ఒకసారి దక్కినవాళ్లకే వద్దనే సరదా" అన్నాను.

లీల కోప్పడలేదు. షాపు బయట స్టూలు మీద నా పక్కన కూర్చుంది. "మరియమ్మ అత్త వచ్చిన రోజు గుర్తుందా అక్కా?" అంది.

"నీ జ్వరం గుర్తుంది."

"నాన్న తెనాలి పోయాడని నాకు తెలుసు. ఎప్పుడొస్తాడో తెలియదు. అయినా వచ్చిద్దండి అన్నాను. వాళ్లింట్లో అప్పటికే ఎడ్లబండి కట్టి పెట్టారంట. లీలమ్మ చెప్పింది గదా, జీపు వచ్చిద్దిలే అని ఎడ్లను విప్పేశారు. మరియమ్మను గట్టు మీదకు నడిపించుకెళ్లి వానలో నిలబడ్డారు."

"నీకెవరు చెప్పారు?"

"మరియమ్మే. తిట్టడానికి కాదు. మామూలుగా, కబుర్లలో చెప్పినట్టు చెప్పింది. తర్వాత కూడా నేను కనపడితే నా తల నిమిరి, బండి వచ్చిద్దా అమ్మా అనేది. ఆ పిల్లకేం తెలుసు అని మనవాళ్లు అనుకున్నారు. నాకు తెలుసక్కా. లేదని చెప్పడం ఒక్కటే నాకు తెలియలేదు."

దాని చెయ్యి పట్టుకున్నాను. అది నర్సు ఎందుకయిందో, కాన్పుల వార్డు వదిలి ఇంకో వార్డుకు ఎందుకు వెళ్లనన్నదో ఇన్నేళ్లకు అర్థమయింది. జాలి కలిగింది, నిజమే. కానీ రాసేదాన్ని కాబట్టి ఉన్నదున్నట్టు రాయాలి. ఆ జాలి అడుగున పాతది కూడా కదిలింది. ఊరంతా ఒక పిల్ల మాటను అంత నమ్మిందా అని. నా మాట మీద ఎవరూ ఒక ఎద్దునైనా విప్పలేదు గదా అని. నాకే సిగ్గేసింది, అయినా అది పోలేదు. లేచి షాపులోకి వెళ్లి, "నా పేరు రాయండి" అన్నాను.

లీల వెనకాలే వచ్చింది. "పేరుంటే జనం అడుగుతారక్కా. నీకు తెలియదు."

"అడగనీ. నన్ను ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు."

"కాస్త పొడుగు పేరు బాబూ, పట్టిద్దా?" అని షాపాయన్ని అడిగాను. ఆయన నవ్వి, "గాజు ఇంత ఉంటే ఎందుకు పట్టదమ్మా" అన్నాడు. జ్ఞానసుందరి. తెల్లటి అక్షరాలు, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. తిరుగు దారిలో ముందు సీట్లో కూర్చున్నాను కాబట్టి నాకు కనపడదు. అయినా మా వెనక వచ్చే ప్రతి బండివాడూ చదువుతున్నాడని బాపట్ల దాకా మురిసిపోతూనే ఉన్నాను. మర్నాటి నుంచి పొద్దున్నే పాత చీర ముక్క తడిపి ఆ గాజు తుడవడం మొదలుపెట్టాను. బండి ఎవరిదని అడిగితే, మా చెల్లెలిదండి అనడం మానేసి ఊరికే నవ్వేదాన్ని.

మొన్నొక మధ్యాహ్నం మా రోడ్డు చివర ఇడ్లీల బండి పెట్టే కోటేశ్వరమ్మ పరుగున గేటు దగ్గరికి వచ్చింది. "జ్ఞానసుందరమ్మగారూ, మా ఆయన గుండెల్లో నొప్పంటున్నాడండి. చెమటలు పట్టేస్తన్నాయి. మీ జీపు వచ్చిద్దా అండి?" అంది. జీపు అన్న మాట విని ఎన్నేళ్లయిందో. గేటు పక్కన జాగా ఖాళీగా ఉంది. లీల పాత స్నేహితురాళ్లను ఎక్కించుకుని చీరాల అవతల రామాపురం సముద్రానికి వెళ్లింది. కోటేశ్వరమ్మ కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి. నా వయసు మనిషి ఇలా ఒకరి కళ్లలోకి చూసి ఒక్క మంచి మాట అంటే చాలు, ఆమె అలాగే నమ్మి రోడ్డు మీదకెళ్లి నిలబడుతుంది. లీల ఎక్కడో దారిలోనే ఉండి ఉండవచ్చు. ఫోను చేస్తే గబగబా వస్తుందేమో. వచ్చిద్దండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తియ్యటి మాటో అప్పుడు తెలిసింది. అడిగినామెకు ధైర్యం, చెప్పినామెకు గొప్ప.

"లేదండి," అన్నాను. "బండి ఊళ్లో లేదు. దానికోసం చూడొద్దు."

"పేరు మీదే గదండీ" అంది కోటేశ్వరమ్మ, నమ్మలేనట్టు.

"పేరే నాదండి" అని, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదకెళ్లి ఎదురొస్తున్న ఆటోకు అడ్డం నిలబడ్డాను. దాని మీద ఎవరి పేరుందో చూడలేదు. వెనక కూరగాయల బుట్టలు దింపించి, రోడ్డు చివరికి పోనిచ్చి కోటేశ్వరమ్మ భర్తను పడుకోబెట్టి, ఆయన తల నా ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. వేళకు తెచ్చారండి, భయం లేదని డాక్టరు అన్నాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాను. లీలకు ఫోను చేసి జరిగింది చెప్పాను. వెనక సముద్రపు హోరు వినపడుతోంది.

"బండి వచ్చిద్దా అని అడిగిందా?"

"అడిగింది."

"ఏం చెప్పావక్కా?"

"లేదని చెప్పాను."

"అంత తేలిగ్గా అనేశావా" అంది. మెచ్చుకున్నట్టు లేదు, నిష్ఠూరమాడినట్టూ లేదు. ఆ గొంతులో ఉన్నదాన్ని నేను ఎక్కడున్నా పోల్చుకోగలను, చిన్నప్పటి నుంచి నా గొంతులో ఉన్నదే. మా చెల్లెలు మొట్టమొదటిసారి నన్ను చూసి అసూయపడింది. దాని కోసమే ఇన్నేళ్లు ఎదురుచూశాను. తీరా వచ్చాక ఫోను చెవికి ఆనించుకుని, ఎనిమిదేళ్ల దాన్ని ఊరుకోబెట్టినట్టు, "చీకటి పడకముందే వచ్చెయ్యవే లీలా" అన్నాను.